డీప్ పునర్బలన అభ్యసనంలో వేగం – స్థిరత్వం: మూసీ జలాశయాల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

డీప్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ పద్ధతులలో వేగంగా నేర్చుకుంటే స్థిరత్వం పోతుందని, అభ్యసన రేటును తగ్గిస్తే స్థిరత్వం దానంతట అదే వస్తుందని ఒక అభిప్రాయం పరిశోధక విద్యార్థులలో ఉంది. ఇందులో సగమే నిజమని చూపడం ఈ వ్యాస ఉద్దేశం. హైదరాబాదు పాతబస్తీకి ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్ల నిర్వహణను ఒక ఊహాప్రయోగంగా తీసుకొని, స్థిరత్వం ప్రధానంగా మూడు విషయాలపై ఆధారపడుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది. అవి: అనుభవం ఏయే స్థితుల నుండి ఏ నిష్పత్తిలో వస్తున్నది, లక్ష్యం ఎంత నెమ్మదిగా కదులుతున్నది, విధానం ఒక్కసారికి ఎంత మారుతున్నది.

కీలకపదాలు: పునర్బలన అభ్యసనం, అభ్యసన రేటు, స్థిరత్వం, లక్ష్యజాలం, అనుభవ నిల్వ, మూసీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్.

1. ప్రవేశిక:

1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదు నగర చరిత్రను మార్చింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నదికి ఇరువైపులా ఉన్న నివాసాలు నేలమట్టమయ్యాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాదారుగా ఆహ్వానించింది. నగరం లోపల కట్టడాలు మాత్రమే చాలవని, నగరానికి ఎగువన వరదనీటిని నిలిపి నెమ్మదిగా విడిచే జలాశయాలు కావాలని ఆయన సూచించారు. ఆ ఆలోచన ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది అయిన ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి.

ఈ రెండు జలాశయాల నుండి విడిచిన నీరు పురానాపూల్, ముసల్లం జంగ్ పూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ వంతెనల కింద పాతబస్తీ అంచున ప్రవహిస్తుంది. గేట్లను ఆలస్యంగా, ఒక్కసారిగా ఎత్తితే ఒడ్డున ఉన్న పల్లపు బస్తీలు మునుగుతాయి. ముందుగానే ఎక్కువగా ఎత్తితే నగరానికి పనికివచ్చే నీరు వృథాగా పోతుంది. ప్రతి గంటకూ ఒక నిర్ణయం తీసుకోవాలి. దాని ఫలితం మాత్రం కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలల తరువాత తెలుస్తుంది. వరుస నిర్ణయాలు, ఆలస్యంగా తెలిసే ఫలితాలు ఉన్న ఇటువంటి సమస్యల కోసమే పునర్బలన అభ్యసనం అనే శాస్త్రశాఖ ఏర్పడింది.

ఈ జలాశయాల గేట్లను నేడు ఏదో యంత్రాభ్యసన పద్ధతి నడుపుతున్నదని ఈ వ్యాసం చెప్పడం లేదు. జలాశయ నిర్వహణకు పునర్బలన అభ్యసనాన్ని అన్వయించే పరిశోధన ప్రపంచంలో పలుచోట్ల జరుగుతున్నది కనుక, మనకు తెలిసిన నదిని ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతుల అంతర్గత సమస్యను పరిశీలించడం మాత్రమే ఇక్కడి ప్రయత్నం.

2. పునర్బలన అభ్యసనం – మౌలిక భావనలు:

మనోవిజ్ఞానశాస్త్రం, విద్యాశాస్త్రం చదివినవారికి పునర్బలనం అనే మాట పరిచితమే. ఒక చర్యకు అనుకూల ఫలితం లభిస్తే ఆ చర్య పునరావృతమయ్యే అవకాశం పెరుగుతుంది. ఈ భావనకు రిచర్డ్ సటన్, ఆండ్రూ బార్టో గణితరూపం ఇచ్చి, కంప్యూటర్ శాస్త్రంలో ఒక ప్రత్యేక శాఖగా అభివృద్ధి చేశారు. ఈ కృషికే వారికి 2024 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

ఇందులో నేర్చుకునే కార్యక్రమాన్ని ‘కర్త’ అందాం. కర్త ముందున్న పరిస్థితి ‘స్థితి’. మన ఉదాహరణలో నీటిమట్టం, లోపలికి వచ్చే ప్రవాహం, కురుస్తున్న వాన కలిసి స్థితి అవుతాయి. ఎన్ని గేట్లను ఎంత ఎత్తాలన్నది ‘చర్య’. దిగువ ముంపు వలన, నీటి వృథా వలన కలిగే నష్టం రుణాత్మక ‘ప్రతిఫలం’. ఏ స్థితిలో ఏ చర్య చేయాలో తెలిపే నియమం ‘విధానం’. ఒక స్థితి నుండి మొదలుపెడితే మున్ముందు రాగల మొత్తం ప్రతిఫలపు అంచనా ఆ స్థితి ‘విలువ’. భవిష్యత్తు ప్రతిఫలాలను కొంత తగ్గించి లెక్కించడానికి వాడే సంఖ్య తగ్గింపు గుణకం. దీనిని సాధారణంగా 0.99గా తీసుకుంటారు.

స్థితులు కొద్దిగా ఉంటే విలువలను పట్టికలో రాసుకోవచ్చు. నీటిమట్టం, ప్రవాహం వంటివి అసంఖ్యాకమైన విలువలు తీసుకుంటాయి కనుక పట్టిక చాలదు. అప్పుడు విలువను లెక్కించే పనిని న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగిస్తారు. ఇదే డీప్ పునర్బలన అభ్యసనం. నెట్‌వర్క్‌లోని సంఖ్యలను భారాలు అంటారు. కొత్త అనుభవం వచ్చినప్పుడు ఈ భారాలను ఎంత మేరకు సవరించాలో నిర్ణయించేదే అభ్యసన రేటు.

3. అభ్యసన రేటు – సంప్రదాయ సమాధానం:

అభ్యసన రేటును ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్నకు 1951లో హెర్బర్ట్ రాబిన్స్, సటన్ మన్రో ఒక సమాధానం ఇచ్చారు. వారి షరతులు రెండు. మొదటిది, అన్ని అడుగుల రేట్ల మొత్తం అనంతం కావాలి. రెండవది, ఆ రేట్ల వర్గాల మొత్తం పరిమితంగా ఉండాలి. మొదటి షరతు వలన కర్త ఎంత దూరంలో మొదలైనా గమ్యాన్ని చేరగల శక్తి మిగిలి ఉంటుంది. రెండవ షరతు వలన యాదృచ్ఛిక ఒడుదొడుకులు క్రమంగా అణగిపోతాయి. 1, 1/2, 1/3, 1/4 ఇలా తగ్గే రేట్లు ఈ రెండు షరతులనూ తృప్తిపరుస్తాయి.

ఇటువంటి పద్ధతుల అభిసరణపై భారతీయుల కృషి గణనీయమైనది. వేర్వేరు వేగాలతో సాగే రెండు సవరణలు కలిసి ఎప్పుడు అభిసరిస్తాయో వివేక్ బోర్కర్ 1997లో విశ్లేషించారు. గుంటూరులో జన్మించి, ఐఐటీ హైదరాబాదులో ఆచార్యులుగా ఉన్న మాతుకుమల్లి విద్యాసాగర్ ఇటీవలి సంవత్సరాలలో మార్టింగేల్, లయపునోవ్ పద్ధతుల ద్వారా ఈ అభిసరణ సిద్ధాంతాన్ని విస్తరించారు.

ఆచరణలో ఒక ఇబ్బంది ఉంది. రేటును సున్నా వైపు తగ్గించుకుంటూ పోతే, కొంతకాలానికి కర్త కొత్త విషయం నేర్చుకోవడం దాదాపు మానేస్తుంది. పరిసరాలు మారనప్పుడు అది దోషం కాదు. మూసీ పరీవాహక ప్రాంతం అలా మారకుండా ఉండేది కాదు. ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో జి.ఓ. 111 వెలువడింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. నేల కాంక్రీటుమయమైనకొద్దీ కురిసిన వాన త్వరగా జలాశయాన్ని చేరుతుంది. నిన్నటి వానకు, నేటి వానకు ఒకే ప్రవాహం రాదు. కనుక రేటును పూర్తిగా సున్నా చేయలేము. స్థిరమైన చిన్న రేటును వాడక తప్పదు. 0.1 స్థిరరేటుతో సగటును లెక్కిస్తే, పది అడుగుల తరువాత పాత అంచనాకు మిగిలే ప్రాధాన్యం సుమారు 35 శాతం, ఇరవై అడుగుల తరువాత 12 శాతం మాత్రమే. మారుతున్న పరిసరాలను అందుకోవాలంటే ఈ మరపు అవసరం. దానికి బదులుగా ఒడుదొడుకులను భరించాలి. వేగం, స్థిరత్వాల మధ్య సర్దుబాటు అని సాధారణంగా చెప్పుకునేది ఇదే.

4. అభ్యసన రేటు తగ్గించినా ఆగని అస్థిరత్వం:

పర్యవేక్షిత అభ్యసనంలో లక్ష్యం బయటి నుండి వస్తుంది. అది కదలదు. పునర్బలన అభ్యసనంలో లక్ష్యాన్ని కర్త తన అంచనా నుండే తయారు చేసుకుంటుంది. ‘ఈ స్థితి విలువ’ను ‘ఇప్పటి ప్రతిఫలం, తరువాతి స్థితి విలువ కలిపినంత’కు దగ్గరగా జరుపుతుంది. తరువాతి స్థితి విలువ కూడా అదే నెట్‌వర్క్ ఇచ్చిన అంచనాయే. అంచనాపై అంచనా కట్టడం, విలువను ప్రమేయంతో ఉజ్జాయింపు చేయడం, ఒక విధానం సేకరించిన అనుభవంతో మరొక విధానాన్ని నేర్చుకోవడం – ఈ మూడూ కలిసినప్పుడు అంచనాలు అనంతం వైపు పోగలవు. సటన్, బార్టో తమ గ్రంథంలో ఈ కలయికను ప్రాణాంతక త్రయంగా పేర్కొన్నారు. వారి గ్రంథంలోని రెండు స్థితుల ఉదాహరణను ఇక్కడ జలాశయానికి అన్వయించి, కొంత విస్తరించి లెక్కిద్దాం.

జలాశయంలో రెండే స్థితులున్నాయనుకుందాం: మధ్యమట్టం, అధికమట్టం. నెట్‌వర్క్‌లో ఒకే భారం ఉంది. మధ్యమట్టంలో రాబోయే నష్టపు అంచనా ఆ భారమంత, అధికమట్టంలో దానికి రెట్టింపు. వాస్తవంలో గేట్లు సరిగా పనిచేస్తున్నందున నష్టం సున్నా అనుకుందాం. అంటే భారం చివరికి సున్నాకు చేరాలి. ప్రారంభంలో అది పొరపాటున 1గా ఉంది. తగ్గింపు గుణకం 0.99.

మొదటి సందర్భం. మట్టం అధికస్థాయికి చేరగానే భద్రత కోసం మానవ పర్యవేక్షకుడు గేట్లను తన చేతిలోకి తీసుకుంటాడు. ఆ తరువాత జరిగినది కర్త అనుభవంలో నమోదు కాదు. ఇది అసహజమైన ఊహ కాదు. ప్రమాద సమయంలో యంత్రాన్ని పక్కనపెట్టడమే ఎవరైనా చేసే పని. ఇప్పుడు కర్తకు దొరికే అనుభవమంతా మధ్యమట్టం నుండి అధికమట్టానికి చేరడమే. లక్ష్యం 0.99 × 2 = 1.98. ప్రస్తుత అంచనా 1. తేడా 0.98. అభ్యసన రేటు 0.1 అయితే కొత్త భారం 1.098. భారం పెరగగానే అధికమట్టపు అంచనా కూడా పెరిగింది కనుక లక్ష్యం మరింత ముందుకు జరిగింది. ప్రతి అడుగులోను భారం 1.098 రెట్లవుతుంది. పది అడుగులకు 2.55, యాభై అడుగులకు 107. లేని నష్టాన్ని ఊహించుకొని, ఆ ఊహకు తానే భయపడుతున్న స్థితి ఇది.

రేటును పదోవంతుకు, అంటే 0.01కి తగ్గిద్దాం. ఇప్పుడు భారం ప్రతి అడుగులో 1.0098 రెట్లవుతుంది. వందను దాటడానికి మొదటి సందర్భంలో 50 అడుగులు పట్టగా, ఇప్పుడు 473 పడతాయి. పతనం ఆలస్యమైంది, ఆగలేదు. ప్రయోగాన్ని 300 అడుగుల వద్ద నిలిపిన పరిశోధకునికి ఇది స్థిరమైన పద్ధతిగానే కనిపించవచ్చు.

రెండవ సందర్భం. పర్యవేక్షకుడు గేట్లు నడిపినప్పటి అనుభవాన్ని కూడా నమోదు చేద్దాం. అధికమట్టం నుండి వరద క్షేమంగా దాటిపోయింది, నష్టం సున్నా. ఈ అనుభవంతో చేసే ప్రతి సవరణ, 0.1 రేటు వద్ద, భారాన్ని 0.6 రెట్లకు తగ్గిస్తుంది. మధ్యమట్టపు సవరణ ఒకటి, అధికమట్టపు సవరణ ఒకటి జతగా జరిగితే భారం 1.098 × 0.6 = 0.659 రెట్లవుతుంది. పది జతల తరువాత అది సుమారు 0.015. అంటే పద్ధతి మారలేదు, రేటు మారలేదు. నమోదైన అనుభవం మాత్రమే మారింది.

ఈ నిష్పత్తికి ఒక హద్దు ఉంది. 0.1 రేటు వద్ద ఒక అధికమట్టపు సవరణకు అయిదు మధ్యమట్టపు సవరణలు జరిగినా భారం తగ్గుతూనే ఉంటుంది. ఆరు జరిగితే పెరుగుతుంది. రేటును 0.01కి తగ్గిస్తే ఈ హద్దు అయిదు నుండి నాలుగుకు పడిపోతుంది. రేటును తగ్గించడం వలన ఈ ఉదాహరణలో సహనశక్తి పెరగకపోగా కొంత తగ్గింది. అలాగని రేటును ఇష్టానుసారం పెంచడానికి వీలులేదు. 0.6 రేటు వద్ద జతకు భారం పరిమాణం 2.2 రెట్లవుతూ, గుర్తు మార్చుకుంటూ ఊగిసలాడుతుంది. కనుక అభ్యసన రేటుకు ఒక పైహద్దు ఉంది. ఆ హద్దు లోపల స్థిరత్వాన్ని నిర్ణయించేది అనుభవ నిష్పత్తి.

వరద అరుదైన సంఘటన. అరుదైన స్థితి అంచనాను కర్త తరచుగా లక్ష్యంగా వాడుకుంటుంది, కాని దానిని సరిదిద్దుకునే అవకాశం అరుదుగా లభిస్తుంది. పాతబస్తీకి ముఖ్యమైన స్థితి కూడా సరిగ్గా అదే.

5. స్థిరత్వం కోసం రూపొందిన సాధనాలు:

5.1 అనుభవ నిల్వ: గడిచిన అనుభవాలను దాచి, యాదృచ్ఛికంగా తీసి మళ్లీ నేర్చుకోవడం లాంగ్-జీ లిన్ 1992లో వివరించిన పద్ధతి. డీప్‌మైండ్ సంస్థ 2015లో నేచర్ పత్రికలో ప్రచురించిన డీక్యూఎన్ పద్ధతి 10 లక్షల అనుభవాలను ఇలా నిల్వచేసింది. వరుస గంటల నీటిమట్టాల మధ్య సహసంబంధం అధికం. యాదృచ్ఛిక ఎంపిక దానిని తగ్గిస్తుంది. ఒక్కొక్క అనుభవాన్ని పలుమార్లు వాడుకోవడం వలన వేగమూ పెరుగుతుంది. నిల్వ మరీ పెద్దదైతే పాత విధానపు అనుభవం మిగిలిపోతుంది. మరీ చిన్నదైతే వరుస ఎండాకాలపు రోజులు వరద అనుభవాన్ని తోసివేస్తాయి. అరుదైన అనుభవాలకు ప్రత్యేక వాటా కేటాయించడం దీనికి ఒక పరిష్కారం.

5.2 లక్ష్యజాలం: లక్ష్యాన్ని లెక్కించడానికి నెట్‌వర్క్ ప్రతిని ఒకదానిని విడిగా ఉంచి, దానిని నెమ్మదిగా మార్చడం రెండవ సాధనం. డీక్యూఎన్‌లో ప్రతి 10,000 సవరణలకు ఒకసారి ఈ ప్రతిని మారుస్తారు. డీడీపీజీ పద్ధతిలో ప్రతి అడుగులోను 0.001 వంతు మాత్రమే కొత్త భారాల వైపు జరుపుతారు. ఈ లెక్కన పాత భారాల ప్రభావం సగానికి తగ్గడానికి సుమారు 693 అడుగులు పడుతుంది. 0.005 వంతు వాడే పద్ధతులలో దాదాపు 138 అడుగులు చాలు.

విశ్వేశ్వరయ్య సూచించిన పరిష్కారానికి, దీనికి పోలిక ఉంది. వానను ఆపలేము, కాని వానకు నగరానికి మధ్య నిల్వను ఉంచి ఉధృతిని తగ్గించవచ్చు. ఇక్కడ కూడా ప్రధాన నెట్‌వర్క్ వేగంగా మారవచ్చు, లక్ష్యం మాత్రం నెమ్మదిగా మారుతుంది. అన్నిటినీ మందగింపజేయకుండా, వేగంగా కదిలేదానిని నెమ్మదిగా కదిలేదాని నుండి విడదీయడమే ఈ సాధనం సారం. దీని పరిమితిని కూడా గుర్తించాలి. మన ఉదాహరణ మొదటి సందర్భంలో లక్ష్యాన్ని స్తంభింపజేసి పూర్తిగా నేర్చుకున్నా, లక్ష్యం మార్చిన ప్రతిసారీ భారం 1.98 రెట్లవుతుంది. రెండు స్థితుల అనుభవమూ సమంగా ఉంటే 0.396 రెట్లవుతుంది. అనుభవంలోని లోపాన్ని లక్ష్యజాలం సరిదిద్దలేదు.

5.3 అతి అంచనా నివారణ: పలు చర్యల అంచనాలలో గరిష్ఠమైనదానిని ఎంచుకుంటే, పొరపాటున ఎక్కువగా అంచనా వేసినదే తరచు ఎంపికవుతుంది. 2018లో వచ్చిన టీడీ3 పద్ధతి రెండు విలువ నెట్‌వర్క్‌లను ఉంచి, వాటిలో తక్కువ అంచనాను తీసుకుంటుంది. విలువను రెండుసార్లు సవరించిన తరువాతే విధానాన్ని ఒకసారి సవరిస్తుంది. విలువ కుదుటపడకముందే విధానం పరుగెత్తకుండా ఆపడం దీని ఉద్దేశం. బోర్కర్ విశ్లేషించిన రెండు వేగాల భావనకు ఇది సన్నిహితమైనది.

5.4 విధానపు మార్పుపై హద్దు: విధానాన్ని నేరుగా సవరించే పద్ధతులలో ఒక్క తప్పు సవరణ చాలు. చెడిన విధానం చెడు అనుభవాన్నే సేకరిస్తుంది, దాని నుండి కోలుకోవడం కష్టం. జాన్ షుల్మన్, ఆయన సహపరిశోధకులు 2015లో టీఆర్‌పీఓ, 2017లో పీపీఓ పద్ధతులను ప్రతిపాదించారు. పీపీఓలో ఒక చర్యకు కొత్త విధానం ఇచ్చే సంభావ్యతను పాత విధానపు సంభావ్యతతో భాగిస్తారు. అనుకూల ఫలితమిచ్చిన చర్యకు ఈ నిష్పత్తి సాధారణంగా 1.2ను దాటితే, ఆపై పెంచినందువలన అదనపు ప్రయోజనం ఉండదు. ఒక గేటు ఎత్తే సంభావ్యత 0.50 అయితే, ఒక విడత అనుభవంతో దానిని 0.60కి మించి పెంచే ప్రోత్సాహం ఆగిపోతుంది. ఇది కఠినమైన గోడ కాదు. అదే అనుభవంపై పలుమార్లు సవరణలు చేస్తే, ఇతర స్థితుల ప్రభావం వలన నిష్పత్తి హద్దు దాటవచ్చు. అందుచేత విధానపు మార్పును విడిగా కొలుస్తూ ఉండటం మంచిది.

6. స్థిరత్వాన్ని కొలవడం:

ఒకే పద్ధతిని ఒకే అమరికతో, యాదృచ్ఛిక బీజాన్ని మాత్రం మార్చి నడిపితే ఫలితాలు ఎంతగా మారగలవో పీటర్ హెండర్సన్, ఆయన సహపరిశోధకులు 2018లో చూపారు. ఒకే అమరికతో జరిపిన పది ప్రయోగాలను అయిదేసి చొప్పున రెండు సమూహాలుగా విడదీస్తే, వాటి సగటులు రెండు వేర్వేరు పద్ధతుల ఫలితాలా అన్నంత భిన్నంగా వచ్చాయి. ఒక్క బీజంతో, ఒక్క రేఖాచిత్రంతో తమ పద్ధతి వేగవంతమని చెప్పే పరిశోధనపత్రాలను ఈ దృష్టితో చదవాలి.

పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసాలలో సగటుతోపాటు మధ్యగతాన్ని, ప్రయోగాల మధ్య విస్తృతిని, అత్యల్ప ఫలితాన్ని కూడా నివేదించడం అవసరం. జలాశయం విషయంలో సగటు మరింత మోసం చేస్తుంది. ఏడాదిలో అత్యధిక దినాలు ప్రశాంతంగా గడుస్తాయి. ఆ దినాలన్నిటిలో బాగా పనిచేసి, వరద వచ్చిన ఒక్క రాత్రి విఫలమైన విధానానికి కూడా సగటు మార్కులు గొప్పగానే ఉంటాయి. చాదర్‌ఘాట్ వద్ద నది ఒడ్డున ఇల్లు ఉన్నవారికి ఆ సగటుతో పనిలేదు.

మరొక పరిమితి కూడా ఉంది. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు పాతబస్తీలోని పలు కాలనీలు మునిగినప్పుడు చెరువుల కట్టలు తెగడం, పొంగడం ఒక ముఖ్య కారణమైంది. రెండు పెద్ద జలాశయాల మట్టాలను మాత్రమే స్థితిగా తీసుకున్న కర్తకు ఆ చెరువులు కనబడవు. గణితపరంగా స్థిరంగా అభిసరించిన విధానం సరైన విధానమే కావాలన్న నియమం లేదు.

7. ముగింపు:

- అభ్యసన రేటుకు పైహద్దు తప్పక ఉంది. అయితే రేటును తగ్గించినంత మాత్రాన స్థిరత్వం లభించదు. కొన్ని సందర్భాలలో అస్థిరత్వం బయటపడటం ఆలస్యమవుతుంది, అంతే.
- ప్రయోగం విఫలమైనప్పుడు పరిశోధకులు మొదట పరిశీలించవలసినది నమోదైన అనుభవాన్ని. అరుదైన, ప్రమాదకరమైన స్థితుల నుండి వచ్చిన సవరణల నిష్పత్తి ఎంత? మానవ జోక్యం జరిగిన సమయాలు నమోదయ్యాయా?
- ఆ తరువాత లక్ష్యం ఎంత వేగంగా కదులుతున్నదో, విధానం ఒక విడతలో ఎంత మారుతున్నదో చూడాలి. అభ్యసన రేటు సవరణ వీటి తరువాతి మెట్టు.
- అనుభవ నిల్వ, లక్ష్యజాలం, జంట విలువ నెట్‌వర్క్‌లు, విధానపు హద్దు – ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క రకమైన అస్థిరత్వాన్ని అదుపు చేస్తుంది.
- నదిపై నేరుగా తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి వీలులేదు. అనుకరణ నమూనాలో నేర్పి, అరుదైన వరదలను అందులో తగినంతగా చేర్చి, ఆచరణలో మానవ పర్యవేక్షణ కింద సలహాదారుగా మాత్రమే వాడటం సముచితం.

వేగం, స్థిరత్వం ఒకే తరాజులోని రెండు పళ్లెాలని భావిస్తే, ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవలసిందే. ఏది వేగంగా మారాలి, ఏది నెమ్మదిగా మారాలి అని విడదీసి చూస్తే రెండింటినీ చాలామేరకు సాధించవచ్చు. 1908 వరద తరువాత మూసీపై చేసిన పని కూడా అటువంటిదే. రాగల పరిశోధనలు తెలుగు ప్రాంతపు నదులు, చెరువుల వాస్తవ ప్రవాహ వివరాలతో అనుకరణ నమూనాలను నిర్మిస్తే, ఈ వ్యాసంలోని రెండు స్థితుల లెక్కను మరింత విస్తృతంగా పరీక్షించే అవకాశం కలుగుతుంది.